గిటారూ, లాప్‌టాపూ, మా అమ్మాయి చెవులూ

మన సంఘంలో రాయని రూలు ఒకటుంది. ఎవరింటికైనా పాట్‌లక్‌కి వెళ్ళినప్పుడు "కాలేజీలో నేను కూడా కొంచెం..." అని మాట మొదలుపెట్టకూడదు. "కొంచెం నాటకాలు వేసేవాణ్ణి" అన్న పాపానికి ఒక పెద్దమనిషి మూడేళ్ళుగా దుర్యోధనుడి వేషం వదిలించుకోలేక అవస్థ పడుతున్నాడు. ఇదంతా తెలిసి కూడా పోయిన నవంబరులో, థాంక్స్‌గివింగ్ విందులో రెండో ప్లేటు బిరియానీ మీద ఉండగా, "కాలేజీ ఆర్కెస్ట్రాలో నేనూ కొంచెం గిటార్ వాయించేవాణ్ణి" అని నోరు జారాను.

మూడో రోజుకి ఫోను. "అన్నా, మన గిటారిస్టు ఫ్రిస్కో వెళ్ళిపోయాడు. ఉగాదికి మీరే." ఈ కొలంబస్ చలికి తట్టుకోలేక మనవాళ్ళు ఒక్కొక్కరే చివరికి అక్కడికే చేరుకుంటున్నారు కదా. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్నా వినేవాళ్ళు లేరు. 11 పాటలు పంపించారు, అందులో 8 ఇళయరాజావి. ఆయన స్వయంగా గిటారిస్టు. ఆయన పాటల్లో గిటార్ పక్కవాయిద్యంలా ఓ మూల కూర్చోదు, పాటతో పాటు నడుస్తుంది. తప్పు వాయిస్తే బాత్‌రూములో పాడుకునేవాడికి కూడా తెలిసిపోతుంది.

నా గిటార్ చరిత్ర చెప్పుకోదగ్గది కాదు. 1998లో కాకినాడలో ఇంజనీరింగ్ చేరాక, మెస్సు డబ్బుల్లో మిగిల్చి ఒక గివ్‌సన్ కొన్నాను. అచ్చుతప్పు కాదండీ, గిబ్సన్ కాదు, గివ్‌సన్. కలకత్తా సరుకు. ఒక్క అక్షరం తేడా, ధరలో మాత్రం రెండు సున్నాల తేడా. దానికో చిన్న పికప్ తగిలించి, తిన్నగా అహూజాలో గుచ్చేవాణ్ణి. మీలో కొందరు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. పెళ్ళి అయినా, వినాయక చవితి పందిరి అయినా, ఎన్నికల ప్రచారం అయినా ఆ రోజుల్లో ఆంప్లిఫయర్ అంటే అహూజాయే. సౌండు కాస్త ఎక్కువ పెడితే బర్రుమనేది. మైకు సెట్టు అబ్బాయి పరుగెత్తుకొచ్చి తిట్టేవాడు. ఆ "బర్రు"నే కాస్త పద్ధతిగా, మోతాదులో తెప్పించడానికి అమెరికాలో జనం వేల డాలర్లు పోస్తారని అప్పుడు నాకు తెలియదు, ఆ అబ్బాయికీ తెలియదు.

నవరాత్రుల్లో వరసగా ప్రోగ్రాములు ఉండేవి. స్టేజీ కుడి పక్క నా చోటు. నా ఎడమ చెవికి రెండడుగుల్లో నిలువెత్తు బాక్సు. రాత్రి హాస్టల్‌కి వచ్చి పడుకుంటే చెవిలో కీచురాయి అరిచినట్టుండేది. పొద్దున్నకి తగ్గేది. తగ్గింది కదా అనుకునేవాళ్ళం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎమ్మెస్‌కి వచ్చాక చదువు, హెచ్1బీ, పెళ్ళి, ప్రాజెక్టులు. 2007లో మొదటి బోనస్‌తో మెక్సికోలో తయారైన ఒక స్ట్రాటోకాస్టర్ కొన్నాను. ఆర్నెల్లు వాయించి క్లోజెట్‌లో పెట్టాను. మా ఆవిడ దాని మెడకి చున్నీలు ఆరేయడం మొదలుపెట్టింది కూడా. నవంబరులో దాన్ని బయటికి తీసి, దుమ్ము తుడిచి, తీగలు మార్చాను. ఇక ఆంప్ కావాలి.

ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కటీ అంటే సగం వాయిద్యమే. తీగ కదిలితే పికప్‌లో పుట్టే కరెంటు చాలా చిన్నది. దాన్ని పెంచే ఆంప్, చివర ఉండే స్పీకరు, ఈ రెండూ మిగతా సగం. మన పాటలకి కావలసిన శబ్దాలు రెండు. ఒకటి క్లీన్: గంట కొట్టినట్టు స్వచ్ఛంగా, తీగ తీగా విడివిడిగా వినబడాలి. రెండోది గిటార్ వాయించేవాళ్ళు లైట్ క్రంచ్ అనేది: మెల్లగా మీటితే తేటగా ఉండాలి, గట్టిగా మీటితే అంచుల్లో కొంచెం కరకరలాడాలి. గారె లోపల మెత్తగా, పైన కరకరగా ఉన్నట్టు. మాడకూడదు. మాడిందంటే అది వేరే సంగీతం, దానికి జుట్టు పొడుగ్గా ఉండాలి. నాకు ఉన్నదే తక్కువ.

ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడు తన ఫెండర్ ట్విన్ రివర్బ్ అరువిచ్చాడు. 1963లో మొదలైన మోడలు, క్లీన్ శబ్దానికి చాలామంది దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. 12 అంగుళాల స్పీకర్లు రెండు, శక్తి 85 వాట్లు. అతని దగ్గరున్నది కొత్తగా మళ్ళీ తయారుచేసిన రకం, బరువు 64 పౌండ్లు. ఇండియా వెళ్ళేటప్పుడు 50 పౌండ్ల సూట్‌కేసుని బాత్‌రూము తూకం మీద నిలబెట్టి కుస్తీ పట్టే జాతి మనది. దానికింకా 14 పౌండ్లు కలుపుకోండి. మెట్లెక్కించేసరికి నడుం పట్టేసింది.

శబ్దం మాత్రం అమృతం. కాకపోతే ఈ వాల్వుల ఆంప్‌లకి ఒక గుణం ఉంది. క్రంచ్ రావాలంటే వాటిని వాటి హద్దు దాకా తోయాలి. 85 వాట్ల దాన్ని హద్దుకి తోస్తే మా టౌన్‌హౌస్ ఒప్పుకోదు. గోడ అవతల ఉండే ఎనభై ఏళ్ళ పెద్దావిడ తలుపు కొట్టి, ఎంతో మర్యాదగా, "నీకు సంగీతం ఇష్టమని తెలిసింది" అంది. మా ఆవిడ అంత మర్యాద చూపించలేదు. ఆదివారం సాయంత్రానికి ట్విన్ మళ్ళీ దాని ఇంటికి వెళ్ళిపోయింది. నడుం నొప్పి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అలా సాఫ్ట్‌వేర్ దారి పట్టాను. గిటార్ తీగ ఒక చిన్న పెట్టె ద్వారా లాప్‌టాప్‌లోకి వెళ్తుంది, లోపల ఒక ప్రోగ్రాము ఆంప్ చేసే పనంతా లెక్కగట్టి హెడ్‌ఫోన్లకి ఇస్తుంది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నవాణ్ణి, కొనడం రాదా అనుకున్నాను. క్లయింటుకి చేసినట్టే ఎక్సెల్ షీటు తెరిచాను. 6 ప్రోగ్రాములు, 14 ప్రమాణాలు, ఒక్కోదానికి వెయిటేజీ. అది చూసి మా అమ్మాయి, "నాన్నా, నువ్వు అమ్మని కూడా ఇలాగే సెలెక్ట్ చేశావా?" అంది. పదహారేళ్ళు, పదకొండో తరగతి. ఆ షీటు మా మామగారి దగ్గర ఉండేదని చెప్పాను.

మెటల్ వాయించేవాళ్ళకి ఏ ప్రోగ్రామైనా ఇంచుమించు సరిపోతుంది. ఆవకాయ కలిపితే అన్నం కాస్త పలుకైనా తెలియనట్టు, అంత గరగరలో ప్రోగ్రాములో ఉన్న లోపాలు మునిగిపోతాయి. క్లీన్ అంటే ముద్దపప్పు, నెయ్యి. బియ్యం పాతదా, పప్పు అడుగంటిందా, అన్నీ తెలిసిపోతాయి. లైట్ క్రంచ్ ఇంకా కష్టం. వాల్వు ఆంప్‌లో తేటదనానికీ గరగరకీ మధ్య గీత గీసినట్టు ఉండదు, పొద్దు వాలినట్టు ఉంటుంది. వేలి బలం కొంచెం మారితే శబ్దం కొంచెం మారాలి. గిటార్ మీది వాల్యూమ్ 10 నుంచి 6కి తగ్గిస్తే గరగర పోవాలి, తేట రావాలి. నాసిరకం ప్రోగ్రాములు ఇక్కడే దొరికిపోతాయి. స్విచ్చు వేసినట్టు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంకో చిక్కు మన కంప్యూటర్ వాళ్ళకి అర్థమయ్యేది. శబ్దాన్ని వంచితే కొత్త స్వరాంశాలు పుడతాయి. శాంపిలింగ్ రేటులో సగం కంటే పైకి పోయినవి మడతపడి కిందికి వచ్చి, పాటతో సంబంధం లేని కీచుమనే చప్పుడవుతాయి. దాన్ని తప్పించడానికి ఓవర్‌శాంప్లింగ్ అని ఒక మీట ఉంటుంది. అది పెంచితే ప్రాసెసరు వగరుస్తుంది. స్పీకరు సంగతి ఇంకా సరదా. ఖాళీ కల్యాణ మండపంలో ఒక్క చప్పట్టు కొట్టి, వచ్చిన ప్రతిధ్వనిని రికార్డు చేసుకుంటే, ఆ హాలు స్వభావమంతా అందులో ఉంటుంది కదా. అలాగే స్పీకరు పెట్టెకి కూడా ఒక "చప్పట్టు" దాచిపెట్టుకుని, దాన్ని గిటార్ శబ్దంతో కన్వల్యూషన్ చేస్తారు. ఎమ్మెస్‌లో ఈ కన్వల్యూషన్ హోంవర్కులోనే నాకు బి వచ్చింది. జీవితంలో ఎక్కడ పనికొస్తుందని అప్పుడు తిట్టుకున్నాను. ఇదిగో, ఇక్కడ.

డిసెంబరంతా ట్రయల్ వెర్షన్లతోనే గడిచింది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గిటార్ రిగ్, ఐకే మల్టీమీడియా వారి ఆంప్లిట్యూబ్, ఈ రెండూ 2000ల మొదట్లోనే వచ్చిన పాత కాపులు. మార్షల్ కంపెనీలో ఆంప్‌లు డిజైన్ చేసిన మైక్ స్కఫమ్ తయారుచేసిన ఎస్-గేర్. లైన్ 6 వారి హీలిక్స్ నేటివ్. ఫిన్లాండ్‌కి చెందిన న్యూరల్ డీఎస్పీ 2020లో కోరీ వాంగ్ అనే ఫంక్ గిటారిస్టు పేరు మీద తెచ్చింది. ఇక స్టీవెన్ ఆట్కిన్సన్ రాసి ఉచితంగా, ఓపెన్ సోర్సుగా ఇచ్చిన న్యూరల్ ఆంప్ మోడలర్. ఈ చివరిది నాకు బాగా నచ్చిన ఆలోచన. ఆంప్‌లోని సర్క్యూట్‌ని అర్థం చేసుకునే ప్రయత్నం చేయదు. ఆంప్‌లోకి వెళ్ళింది ఇది, బయటికి వచ్చింది ఇది అని చూపిస్తే న్యూరల్ నెట్‌వర్కు ఆ తేడా నేర్చుకుంటుంది. అయితే మామూలుగా అది ఒక ఫోటోలాంటిది. ఆంప్ మీటలు ఏ స్థితిలో ఉండగా తీశారో ఆ ఒక్క స్థితే వస్తుంది. సరిగ్గా గరగర మొదలయ్యే చోట తీసిన ఫోటో దొరికితే అదృష్టం.

హీలిక్స్‌లో పేర్లు చూసి నవ్వుకున్నాను. ట్రేడ్‌మార్కుల భయంతో కాబోలు, ఫెండర్ డీలక్స్ రివర్బ్‌ని యూఎస్ డీలక్స్ అంటారు, వాక్స్ ఏసీ30ని ఎసెక్స్ ఏ30 అంటారు, రోలాండ్ జాజ్ కోరస్‌ని జాజ్ రివెట్ 120 అంటారు. మన సినిమాల్లో "ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు" అని వేసి, మూడో సీనులోనే ఆ నాయకుడు ఎవరో అందరికీ తెలిసేలా చూపిస్తారే, అచ్చం అలాగ.

నా షీటులో మాత్రం ఒక వింత. ఏ ప్రోగ్రాముకైనా "తేటదనం" కాలమ్‌లో నేను వేసే మార్కులు అయిదు, ఆరు. అన్నీ దుప్పటి కప్పుకుని వాయించినట్టే ఉన్నాయి. మొదట్లో ఒక తప్పు దొరికింది, నాదే. ఆ పెట్టె మీద గిటార్ కోసం వేరే బొత్తాం ఉంటుంది, అది నొక్కలేదు. గిటార్ పికప్‌కి 10 లక్షల ఓమ్‌ల ఇంపెడెన్స్ ఉన్న దారి ఇవ్వాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్వరాలు పీక్కుపోతాయి. బొత్తాం నొక్కాక కొంత మెరుగైంది. పూర్తిగా కాదు. అందుకని ట్రెబుల్ పెంచాను, ప్రెజెన్స్ పెంచాను, అదీ చాలక ఈక్వలైజర్‌లో 4 వేల హెర్ట్జ్ దగ్గర ఓ గుట్ట లేపాను. అప్పుడు బాగుంది. జనవరి మొదటి శనివారం ఆ సెట్టింగు దాచుకుని, దానికి "ఉగాది ఫైనల్" అని పేరు కూడా పెట్టాను.

ఆ రోజే హెడ్‌ఫోన్లు తీసేసి టేబుల్ మీది స్పీకర్లలో పెట్టాను. పై గది నుంచి మా అమ్మాయి చెవులు మూసుకుని దిగి వచ్చింది.

"నాన్నా, ఏంటది? సూదులు గుచ్చినట్టు ఉంది."

"క్లీన్ టోన్ అంటే అంతే అమ్మా, మెరుస్తుంది."

"మెరవడం లేదు. గుచ్చుతోంది. సీరియస్‌లీ, నీకు వినపడటం లేదా?"

నేను ఎక్సెల్ షీటు చూపించబోయాను. తను చూడలేదు. లాప్‌టాప్ లాక్కుని ఏదో టోన్ జెనరేటర్ తెరిచి, "వినపడినంతసేపు చెయ్యి ఎత్తు" అంది. చిన్నప్పుడు తన చేత నేను ఎక్కాలు చెప్పించినప్పటి గొంతు అది. వెయ్యి హెర్ట్జ్, రెండు వేలు, మూడు వేలు. చెయ్యి ఎత్తే ఉంచాను. ఒక చోట దించాను. "ఆగిపోయింది" అన్నాను.

"ఆగలేదు నాన్నా."

హెడ్‌ఫోన్ కుడి చెవికి మార్చింది. వినపడింది. ఎడమ చెవికి మార్చింది. చీకటి. శబ్దానికి చీకటి అనకూడదేమో, కానీ అలాగే ఉంది. ఇంకా పైకి, 8 వేల దగ్గర మళ్ళీ సన్నగా వచ్చింది.

మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను వయోలా మానేశానని చెప్పినప్పుడు కూడా నీకు వినపడలేదా?" అంది.

నాకు నిజంగా తెలియదు. అక్టోబరులో, డిన్నర్ టేబుల్ దగ్గర, స్కూల్ ఆర్కెస్ట్రా నుంచి తప్పుకుంటున్నానని చెప్పిందట. నేను ప్లేటులోంచి తల ఎత్తకుండా "గుడ్, గుడ్" అన్నానట. ఆరో తరగతి నుంచి, అయిదేళ్ళుగా వాయించిన వాయిద్యం. ఎందుకు మానేసిందన్నది ఇక్కడ రాయను, అది తన విషయం. కానీ మూడు నెలలపాటు ఆ పిల్ల మా నాన్నకి పట్టలేదు అనుకుంటూ అదే టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తింది. నా ఎడమ పక్క కుర్చీలో.

పది రోజుల తర్వాత ఆడియాలజిస్టు దగ్గర కూర్చున్నాను. గాజు కిటికీ ఉన్న గదిలో పెట్టి, బొత్తాం చేతికిచ్చి, సన్నని శబ్దాలు వినిపించింది. బయటికి వచ్చాక ఒక గ్రాఫు చేతిలో పెట్టింది. కుడి చెవి గీత నా వయసుకి తగ్గట్టుగా పోతోంది. ఎడమ చెవి గీత 4 వేల హెర్ట్జ్ దగ్గర లోయలోకి పడిపోయి, 50 డెసిబెల్స్ దాకా దిగి, 8 వేల దగ్గర మళ్ళీ కొంచెం లేచింది. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతింటే సాధారణంగా సరిగ్గా ఇక్కడే ఇలా గుంట పడుతుందట. "ఎప్పుడైనా ఫాక్టరీలో పనిచేశారా? మిలిటరీ?" అని అడిగింది. వినాయకుడి పందిరి గురించి ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. "రిలీజియస్ ఫెస్టివల్" అన్నాను. రాసుకుంది.

ఇలాంటి చెవికి మాట వినబడుతుంది, అర్థం కాదు. అచ్చులు కింది స్థాయి శబ్దాలు, అవి నిక్షేపంగా వస్తాయి. స, ఫ, త, క లాంటి హల్లుల్లోని పదును పైన ఉంటుంది, అది రాలిపోతుంది. ఇక ఇది నా సొంత సిద్ధాంతం, భాషావేత్తలు క్షమించాలి: తెలుగు అజంత భాష కాబట్టి మా ఆవిడతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. మాట మాటకీ చివర అచ్చు ఉంటుంది. హల్లుతో ముగిసే ఇంగ్లీషులో దొరికిపోయాను. కాన్ఫరెన్స్ కాల్స్‌లో రెండేళ్ళుగా "నెట్‌వర్క్ బాగాలేదు, మళ్ళీ చెప్తారా" అంటున్నాను. ఒక ప్రాజెక్టులో నెట్‌వర్క్ టీమ్ మీద టికెట్టు కూడా వేశాను. ఈ వ్యాసం వాళ్ళ కంట పడదనే ధైర్యం. మా అమ్మాయి స్కూలు కబుర్లన్నీ ఇంగ్లీషులోనే చెబుతుంది.

ఇంటికి వచ్చి గ్రాఫు చూపిస్తే మా ఆవిడ చాలాసేపు చూసింది. "అయితే ఇన్నాళ్ళూ చెత్త డబ్బా బయట పెట్టమంటే వినపడనిది నిజమేనన్నమాట" అంది. ఆ ఒక్క విషయంలో నిజం చెప్పకుండా ఊరుకున్నాను.

ఉగాది మానేద్దామనుకున్నాను. ఆడియాలజిస్టే వద్దంది, అంటే మానవద్దంది. ఆవిడ చెప్పిన లెక్క ఇది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్‌లో పావుగంట. స్టేజీ మీద నా వెనకాల ఆంప్ ఉంటే, డ్రమ్స్‌తో పోటీపడి పెంచుతూ పోతే, రెండో పాటకే ఆ పావుగంట అయిపోతుంది. ఆంప్ లేకుండా లాప్‌టాప్ నుంచి తిన్నగా సౌండ్ ఇంజనీరుకి లైను ఇచ్చి, నేను చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుంటే ఫర్వాలేదు. నడుం నొప్పి పుణ్యమా అని మొదలుపెట్టిన వెతుకులాట ఇప్పుడు చెవి కోసమైంది. కానీ ఎంచుకోవలసిన చెవులు నావి కావు.

ఎక్సెల్ షీటు మూసేశాను. మా అమ్మాయి తన పద్ధతి పెట్టింది. నేను అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒకే ముక్క రికార్డు చేసి ఇవ్వాలి. ముందు విడివిడి తీగల మీద ఒక కార్డు, తర్వాత అదే కార్డు గట్టిగా, తర్వాత వాల్యూమ్ 6కి తగ్గించి. ఫైళ్ళకి పేర్లు ఉండవు, ఎ, బి, సి, డి మాత్రమే. అన్నిటి సౌండూ ఒకే స్థాయికి తేవాలి, ఎందుకంటే ఏది కొంచెం ఎక్కువ మోగితే మనిషి చెవి దాన్నే బాగుందంటుంది. ఈ మాట తనే చెప్పింది. నేను ఇరవై ఏళ్ళు వెండర్ డెమోలు చూశాను, నాకు తట్టలేదు. నా "ఉగాది ఫైనల్"ని కూడా అందులో కలిపాను. అది ఆఖరి స్థానంలో వచ్చింది.

క్లీన్‌కి తను ఎంచింది ఆ కల్పిత పాత్రల వాళ్ళ యూఎస్ డీలక్స్. అసలు ఆంప్ 22 వాట్లది, ట్విన్‌కి తమ్ముడు. ట్విన్ కంటే ముందే గరగర మొదలవుతుంది, కాబట్టి పూర్తి తేటకీ లేత క్రంచ్‌కీ మధ్య అది ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. కోరీ వాంగ్ పేరున్నది విని, "ఇది చాలా నీట్‌గా ఉంది, కానీ పాటలో ఇదొక్కటే వినిపిస్తుంది" అంది. ఫంక్‌కి అదే కావాలి, మనకి పాటలో కలిసిపోవాలి. ఆ మాటతో నేను ఏకీభవించాను, వినపడినంత మేరకు. క్రంచ్ పాటలు రెండింటికి మాత్రం ఉచిత న్యూరల్ ఆంప్ మోడలర్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఏసీ30 నుంచి తీసిపెట్టిన ఫోటో నెగ్గింది. పేర్లు విప్పి చూశాక, ధర కాలమ్‌లో సున్నా చూసి మా ఆవిడ కూడా దానికే ఓటు వేసింది.

మీటలు కూడా తనే తిప్పింది. నేను లేపిన గుట్ట మొత్తం చదును చేసేసింది. పైగా 6 వేల హెర్ట్జ్ పైన కోసేసింది. అసలు గిటార్ స్పీకరే 5 వేలు దాటాక వేగంగా పడిపోతుంది, అక్కడ ఉండాల్సింది ఏమీ లేదు. ట్రెబుల్ 4.5. నాకు మళ్ళీ దుప్పటి కప్పినట్టే వినిపించింది. "నీకు అలాగే వినపడుతుంది నాన్నా. నన్ను నమ్ము" అంది. నా చెవితో ఒప్పుకోలేనిదాన్ని ఒప్పుకుని వాయించడం, ఇందులో నాకు అన్నిటికంటే కష్టమైన సాధన అదే. కుడి చెవి వైపు తల తిప్పి, కొంగలాగా మెడ వంచి వాయించడం అలవాటు చేసుకున్నాను.

అన్నట్టు, ఇంట్లో చిన్న సౌండులో బాగున్నది హాల్లో బాగుండదు. సౌండు తక్కువున్నప్పుడు మన చెవికి కింది స్వరాలు, పైస్వరాలు తక్కువ వినబడతాయని బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే గ్రాఫులు గీశారు. పడకగదిలో ట్రెబుల్ పెంచుకున్నవాడు స్టేజీ ఎక్కితే జనానికి పళ్ళు జివ్వుమంటాయి. నా విషయంలో రెండు కారణాలూ కలిశాయి. అక్టోబరులోనే ఎవరైనా ఈ పని అప్పగించి ఉంటే, ఆ హాల్లోని నాలుగు వందల మందికీ నా గుంట శిక్ష పడి ఉండేది.

ఆలస్యం గురించి ఒక్క ముక్క. లాప్‌టాప్ అనగానే శబ్దం వెనకబడుతుందని భయపెడతారు. 48 వేల శాంపిల్ రేటులో 128 శాంపిల్స్ బఫర్ అంటే ఇంచుమించు 2.7 మిల్లీసెకండ్లు. పెట్టెలోకి, బయటికి అన్నీ కలిపి నా దాంట్లో 9 మిల్లీసెకండ్ల దాకా వచ్చింది. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో 10 అడుగులు ప్రయాణిస్తుంది. అంటే ఆంప్‌కి 10 అడుగుల దూరంలో నిలబడి వాయించినట్టు. నాలాంటివాడి తాళంలో ఉండే తేడా దానికంటే ఎక్కువే.

ఉగాది రోజు లాప్‌టాప్‌లో వైఫై ఆపేశాను, అప్‌డేట్లు ఆపేశాను, స్క్రీన్‌సేవర్ తీసేశాను. ఆర్కెస్ట్రాలో కుర్ర డ్రమ్మరు నా వెనకాల ఖాళీ జాగా చూసి, "అంకుల్, ఆంప్ మర్చిపోయారా?" అని కంగారుపడ్డాడు. సౌండ్ ఇంజనీరు పక్కన మా అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఒప్పందం: అరచెయ్యి కిందికి అంటే ట్రెబుల్ తగ్గించు, పైకి అంటే పెంచు, పిడికిలి అంటే ముట్టుకోకు. మొదటి పాటకి అరచెయ్యి కిందికి. 4.5ని 4 చేశాను. రెండో పాట నుంచి పిడికిలి. తర్వాత పాటల్లో తను ఫోను చూసుకుంటోంది. అదే నాకు సర్టిఫికెట్టు. ఏడో పాటలో ఒక చోట తప్పు తీగ పట్టాను, దానికి సాఫ్ట్‌వేర్ పూచీ కాదు.

దిగి వచ్చాక ఒక పెద్దాయన, "బాబూ, గిటార్ హాయిగా ఉంది. పోయినేడాది చెవులు హోరెత్తాయి" అన్నారు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబుదామని చూస్తే మా అమ్మాయి అప్పటికే పులిహోర లైన్‌లో నిలబడి ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోయింది, అమ్మాయి ముందు సీట్లో కూర్చుంది. ఈ దేశంలో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి పక్క సీటు మనిషి కుడి చెవి వైపు ఉంటుంది. తను కబుర్లు చెప్పేది ఎప్పుడూ కార్లోనే ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. డిన్నర్ టేబుల్ దగ్గర కుర్చీలు జనవరిలోనే మార్చుకున్నాం. ఇప్పుడు ఎడమ పక్క మా ఆవిడ కూర్చుంటుంది, నాకు ఏది వినపడిందో ఏది వినపడలేదో తను రోజూ పరీక్షలు పెడుతోంది. హియరింగ్ ఎయిడ్ కోసం వచ్చే గురువారం అపాయింట్‌మెంటు. అది పెట్టుకున్నాక ట్రెబుల్ ఎంత ఉండాలో మళ్ళీ మొదటి నుంచి చూడాలి, దీపావళి ప్రోగ్రాముకి అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. మా అమ్మాయి ఈసారి తన ఫీజు ఎంతో ముందే చెప్పింది. ఆ అంకె మాత్రం రెండు చెవుల్లోనూ స్పష్టంగా వినపడింది.